ఎనిమిదో గడి

సక్కుబాయిని చంపింది మణిద్వీప కాలనీ పైపు.

డాక్టరు చక్కెర వ్యాధి అని రాశాడు. చుట్టాలు తలరాత అన్నారు. మణిద్వీప కాలనీ సంక్షేమ సంఘం వాళ్ళు సంతాపం అన్నారు, అందుకోసం రెండు నిమిషాలు నిలబడ్డారు కూడా. బాలనర్సింహ ఇవేవీ ఒప్పుకోలేదు. రెండువేల ఆరులో సద్దుల బతుకమ్మ నాడు అతని పెండ్లాం సక్కుబాయి బతుకమ్మను విడవడానికి తుంగకుంటలో మోకాలి లోతు దిగింది. దిగింది నీళ్ళలోకి కాదు. మూడు వందల ఇళ్ళ మరుగుదొడ్లన్నీ ఒక్క సిమెంటు పైపులోంచి వచ్చి కుంటలో పడే చోటికి. అడుగున ఉన్న గాజుపెంకు కాలికి కోసుకుంది. కాలు వాచింది, నల్లబడింది. పదిహేడో రోజున దవాఖానాలో ప్రాణం పోయింది. కోసింది గాజుపెంకు, చంపింది పైపు. ఇందులో అనుమానానికి చోటు లేదు.

తుంగకుంట ఉప్పల్‌కూ నాచారానికీ నడుమ, ఫ్యాక్టరీ గోడల వెనక ఉంటుంది. బాలనర్సింహ వాళ్ళది నీరటి ఇల్లు. అంటే చెరువు కాపలా వాళ్ళది. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడడం. తాత చేశాడు, తండ్రి చేశాడు. బాలనర్సింహ దాకా వచ్చేసరికి మళ్ళు ప్లాట్లయ్యాయి. ప్లాట్లకు తూము నీళ్ళు అక్కర్లేదు. అతను నాచారంలో మందుల ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా కుదిరి ఇరవై ఆరేళ్ళు గేటు తెరిచాడు, మూశాడు. పని అదే. నీళ్ళు లేవంతే.

పెండ్లాం పోయాక నాలుగేళ్ళు అతను మణిద్వీప కాలనీ వాళ్ళతో మాట్లాడలేదు. ఎవరైనా దారి అడిగితే మాత్రం చూపించేవాడు. తప్పుదారి.

అలాంటి మనిషి ఇంటికి రెండువేల పది వానాకాలంలో కాలనీ సంఘం అధ్యక్షుడు సత్యనారాయణమూర్తి నడిచి వచ్చాడు. ఏలూరు వైపు మనిషి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి. వెంట సంఘం కార్యదర్శి హరిత ఉంది. ఉప్పల్‌లో కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తుంది. సంఘంలో అరవై దాటనిది ఆమె ఒక్కతే కాబట్టి రాతపనంతా ఆమె నెత్తినే వేశారు.

అరుగు మీద బాలనర్సింహ బామ్మర్ది మొగిలయ్య కూర్చుని చిక్కుడుకాయ తుంచుతున్నాడు. సక్కుబాయి తమ్ముడు. ఆటో తోలుతాడు. అక్క పోయినా పొద్దున తిండి బావ ఇంట్లోనే.

"నర్సింహగారూ, చెరువులు బాగు చేసుకోవడానికి గవర్నమెంటు నిధులిస్తోందండి," అన్నాడు సత్యనారాయణమూర్తి. "పూడిక తీస్తారు, కట్ట గట్టి చేస్తారు, చుట్టూ నడవడానికి బాట వేస్తారు. దరఖాస్తు పెట్టాలంతే."

"నడిశెటోళ్ళు మీరు. నాకెందుకు చెప్తున్నరు?"

"ఒక రూలుంది అంకుల్," హరిత అందుకుంది. "ఆ చెరువును వెనకటి నుంచీ చూసుకున్న ఇంటివాళ్ళెవరో ఒకరు సంతకం పెట్టాలి. ఊళ్ళో అడిగితే అందరూ మీ పేరే చెప్పారు."

"ఇంకేం చెప్పిన్రు?"

"మీ ఇంటికి వెళ్ళొద్దన్నారు," అంది హరిత.

మొగిలయ్య చిక్కుడుకాయ పక్కన పెట్టి నవ్వాడు. బాలనర్సింహ నవ్వలేదు గానీ, చెయ్యి చాపి కాగితాలు తీసుకున్నాడు. నిజం చెప్పిన పిల్ల కాబట్టి తీసుకున్నాడు.

ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. సర్కారు తెలుగు ఏ తరగతిలోనూ చెప్పరు. వేలు పెట్టి, గడి తర్వాత గడి, తొందర లేకుండా చదివాడు. చెరువు పేరు. చెరువు విస్తీర్ణం. కట్ట పొడవు. ఎనిమిదో గడి దగ్గర వేలు ఆగింది. చెరువులోనికి మురుగునీరు చేరుచున్నదా? చేరుచున్నచో ఎచ్చటినుండి? ఎదురుగా చిన్న గీత కొట్టి ఉంది.

"గిదేంది?"

"అది... వర్తించదు అనండి," అన్నాడు సత్యనారాయణమూర్తి.

"ఏం సారూ, మీ ఇండ్లల్ల ఎవ్వరు దొడ్డికి పోరా?"

"మణిద్వీపంల దేవతలుంటరు బావా," అన్నాడు మొగిలయ్య. "దేవతలకు గా పని ఉండది."

సత్యనారాయణమూర్తి మెడ ఎర్రబడింది. "హాస్యం కాదండి. ఆ పైపుకు పర్మిషన్ లేదు. మనమే రాసి ఇస్తే కాలనీ మొత్తం ఇరుక్కుంటుంది. అసలే రోజులు బాగోలేవు. రోజూ బందులూ ధర్నాలూ. మమ్మల్ని పొమ్మంటున్నారు. మా పైపును కూడా పొమ్మంటే ఎలాగండీ?"

"మీరుండున్రి సారూ. మిమ్మల్ని ఎవలు పొమ్మన్నరు? పైపునే పొమ్మంటున్న."

కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. ఎనిమిదో గడి నింపితే సంతకం, లేకుంటే లేదు.

వాళ్ళు మళ్ళీ వచ్చారు, మళ్ళీ పోయారు. మూడోసారి హరిత పథకం రూల్స్ పుస్తకం తెచ్చి అరుగు మీద విప్పింది. మురుగు చేరుతోందని దరఖాస్తులో ఉండి, వచ్చిన ఇంజనీరు కళ్ళారా చూసి రాసుకుంటే, అన్నిటికంటే ముందు జరిగే పని ఆ మురుగును వేరే లైనులోకి మళ్ళించడం. ఖర్చు సర్కారుదే. నడక బాటా, బెంచీలూ ఆ తర్వాతే. కాలనీకి కొత్త లైను, చెరువుకు పైపు పీడ విరగడ.

బాలనర్సింహ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. "పైపు మూస్తరు. ముందు పైపు మూస్తరు. గంతేనా?"

"అంతే అంకుల్. ఆయన వచ్చి చూడాలి, రాసుకోవాలి."

"సూడనీకేముంది బిడ్డా. గుడ్డోనికి గూడ తెలుస్తది."

హరిత ఎనిమిదో గడిలో గీత కొట్టేసి, 'చేరుచున్నది. మణిద్వీప కాలనీ పైపునుండి' అని రాసింది. సత్యనారాయణమూర్తి పన్ను పీకించుకునేవాడిలా ముఖం పెట్టి సంతకం చేశాడు. బాలనర్సింహ తన పేరంతా, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం మింగకుండా రాశాడు.

దరఖాస్తు ఇవ్వడానికి ముగ్గురూ మొగిలయ్య ఆటోలోనే ఆఫీసుకు పోయారు. అక్కడి గుమాస్తా కాగితాలు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ తిప్పి, "ఈ కుంట ఎవరు తవ్వించారు?" అని అడిగాడు.

"మా ముత్తాతలు," అన్నాడు బాలనర్సింహ.

"ఆధారం?"

"కుంట."

గుమాస్తా అతని వైపు చూసి ముద్ర గుద్దాడు.

దసరా దాటాక ఉత్తరం వచ్చింది. వచ్చే గురువారం, బాలనర్సింహ మాటలో బేస్తారం, పొద్దున పది గంటలకు ఇంజనీరు తనిఖీకి వస్తాడు. ఆ రాత్రి బాలనర్సింహ కమ్మగా నిద్రపోయాడు. పెండ్లాం పోయాక అలా నిద్రపోవడం అదే మొదలు.

తెల్లారి లేచేసరికి అతనికి భయం పట్టుకుంది.

వెనకట ఏటా జమాబందీ అని ఉండేది. ఊళ్ళో శిస్తులెంతో తేల్చడానికి సర్కారు మనుషులు వచ్చేవాళ్ళు. వాళ్ళలో గిర్దావర్ అనే రెవెన్యూ అధికారి చెరువు కట్ట మీద నడిచేవాడు. ఆయన వచ్చే ముందు నాలుగు రోజులు నీరటి ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగేది కాదు. కట్ట మీద కంపలు కొట్టాలి, తూముకు సున్నం వేయాలి, సున్నం మీద ఎర్రమట్టితో జాజు పట్టీలు తీయాలి, నీళ్ళలో పుల్ల తేలకుండా చూడాలి. బాగుంటే నీరటి తలకు ఒక రుమాలు కట్టి పంపేవాళ్ళు. బాగాలేకుంటే ఏం చేస్తారో బాలనర్సింహ ఏడేళ్ళ వయసులో కళ్ళారా చూశాడు. ఆ ఏడు తూము మీద ఇంత గడ్డి మొలిచింది. గిర్దావర్ ఏమీ తిట్టలేదు. చేతికర్ర కొసతో అతని తండ్రి తలపాగను ఎత్తి నీళ్ళలో పడేశాడు. ఊరంతా చూస్తుండగా తండ్రి దిగి, దాన్ని తీసి, పిండి, తడిదే మళ్ళీ చుట్టుకున్నాడు. నీళ్ళు చెవుల మీదుగా కారుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ సంగతి బాలనర్సింహ సక్కుబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున అతను కొడవలి పట్టుకుని కుంట మీదికి పోయాడు. మొగిలయ్యను ఆటో పక్కన పెట్టించి వెంట తీసుకుపోయాడు. ఇద్దరూ నీళ్ళలో దిగి గుర్రపుడెక్క లాగారు. లాగిన కొద్దీ వచ్చింది. మంగళవారం కట్ట మీద తుమ్మకంపలు కొట్టారు. బుధవారం తూముకు సున్నం పడింది. ఎన్నేళ్ళకు పడిందో తూముకే తెలియాలి.

హరిత ఆఫీసు నుంచి వస్తూ చూసి, స్కూటీ ఆపి పరుగున వచ్చింది. "అంకుల్! ఎందుకు బాగు చేస్తున్నారు? పాడైపోయిందని కదా మనం రాసింది!"

"రాస్తె? సర్కారు మనిషి వస్తుంటె పాసి మొకంతోటి నిలవడతమా? జరమొచ్చినోన్ని దవాఖానకు తీస్కపొయ్యేటప్పుడు మొకం కడిగి తీస్కపోమా?"

"కడుగుతాం అంకుల్. జ్వరం తగ్గించి తీసుకెళ్ళం కదా!"

జవాబు దొరకనప్పుడు బాలనర్సింహకు చెవుడు వస్తుంది. కుంచె ముంచి జాజు పట్టీ తీయడం మొదలుపెట్టాడు.

"అంకుల్, పైపు జోలికి మాత్రం పోకండి. దండం పెడతాను."

"పైపుతోటి నాకేం పని," అన్నాడు. ఆ పూట అది నిజమే.

గురువారం తెల్లవారుతూనే మొగిలయ్య కట్ట మీద నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుని అంతా కలయజూశాడు. నీళ్ళు కనబడుతున్నాయి. తూము పెండ్లిపీటలా ఉంది. "మస్తుగుంది బావా. కండ్లకైతె ఏం ఫికర్ లేదు. ముక్కు సంగతేంది?"

నిజమే. మూల నుంచి పైపు తన పని తాను చేసుకుంటూ పోతోంది. శుభ్రమైన కుంట పక్కన ఆ కంపు రెండింతలయింది.

"వస్తడు," అన్నాడు బాలనర్సింహ మెల్లగా. "వచ్చి ముక్కు మూస్కుంటడు. ఎవడ్రా ఈడ నీరటోడు అంటడు."

"అననియ్యే. గా కంపు సూయించనీకే గద పిలిసింది?"

"పైపు సూస్తె సాలు. కాగితంల ఉన్నది, మూల మీద పైపున్నది. గది సాలదా? కంపు గూడ పళ్ళెంల పెట్టియ్యాల్నా? పదింటికొస్తడు, పదకొండింటికి పోతడు. ఒక్క పూట బంద్ పెడ్త."

"బావా, నువ్వు జర ఆలోచించు."

"నువ్వు పోయి ఉప్పల్ల బంతిపూల దండ తే."

మొగిలయ్య పోయాడు. బాలనర్సింహ ఇసుక నింపిన గోనె సంచులు మూడు పైపులోకి తోశాడు. తోస్తుంటే లోపల ఎక్కడో ఒక సంతోషం కూడా కదిలింది. నాలుగేళ్ళు మీది నేను మోసిన, ఒక్క పూట మీది మీరు మోయున్రి, అని కాలనీ వైపు చూసి అనుకున్నాడు. కానీ సంచుల సందుల్లోంచి కారుతూనే ఉంది. మెత్తగా, మందంగా ఏదైనా కావాలి. ఇంటికి పోయాడు. ఇంట్లో అంత మందంగా ఉన్నది ఒక్కటే. ట్రంకు పెట్టెలో సక్కుబాయి బొంత. తన పాత చీరలు పేర్చి తనే కుట్టుకుంది. చుట్టూ ఎర్ర అంచు. నాలుగేళ్ళలో దాన్ని కప్పుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు, ఎండకైనా వేయలేదు. అతను వెనకాముందు ఆడాడని అబద్ధం చెప్పలేం. తొమ్మిది కావస్తోంది. పెట్టె మూత ఎత్తాడు, తీసుకున్నాడు, వచ్చాడు. సంచుల సందుల్లో కుక్కి, గడ్డపారతో మూరెడు లోపలికి దంచాడు.

పైపు ఆగింది.

దాని చప్పుడు ఆగితే ఎలా ఉంటుందో అతను మరిచిపోయాడు. ఎక్కడి నుంచో ఒక కొంగ వచ్చి నీళ్ళలో నిలబడింది. సంతోషం పట్టలేక, మిగిలిన సున్నం పైపు అంచుకు కూడా కొట్టాడు.

ఇంజనీరు పదకొండున్నరకు జీపులో వచ్చాడు. ముప్పయి ఏళ్ళుంటాయి. జీపు దిగుతూనే జేబురుమాలు ముక్కు దాకా తెచ్చాడు. ఆగి, అనుమానంగా గాలి పీల్చి చూశాడు. జేబురుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కట్ట మీద నడిచాడు. తూము దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది ఎవరండీ చూసుకునేది?"

కాలనీ వాళ్ళంతా వేళ్ళతో చూపించారు. బాలనర్సింహ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, ఈ ఏడాది ఎన్నో చెరువులు తిరిగాను. తూముకు జాజు పట్టీలున్న చెరువు ఇదొక్కటే."

సత్యనారాయణమూర్తి ఇంజనీరు కోసం తెచ్చిన శాలువా విప్పబోయాడు. "నాకు కాదండీ," అని ఇంజనీరు దాన్ని అందుకుని, బాలనర్సింహ దగ్గరికి నడిచి, స్వయంగా భుజాల మీద కప్పాడు. కాలనీ చప్పట్లు కొట్టింది. మొగిలయ్య బంతిపూల దండ ఎవరికి వేయాలో తెలియక ఆటో అద్దానికి వేశాడు.

తర్వాత ఇంజనీరు కాగితాలు తీశాడు. "ఎనిమిదో గడిలో పైపు అని రాశారే. ఏదీ?"

అందరూ మూలకు నడిచారు. తెల్లటి సున్నం అంచుతో పైపు నోరు తెరుచుకుని ఉంది. ఇంజనీరు వంగి చూశాడు. చీకటి. పెన్నుతో అంచు మీద కొట్టాడు. పొడి చప్పుడు.

"ఇది పని చేయట్లేదుగా?"

సత్యనారాయణమూర్తి నోరు ఒక్క క్షణం తెరుచుకుని ఉండిపోయింది. పైపు ఎందుకు ఆగిందో ఆయనకూ తెలియదు. తన పేరున్న స్వామే ఆపి ఉంటాడనుకున్నాడు. గుమాస్తాగిరి చేసిన మనిషి కదా, వెంటనే తేరుకున్నాడు. "లేదండి. పాతదండి. ఎప్పటిదో."

"నిన్న సాయంత్రం దాకా పారింది సార్!" అంది హరిత. బాలనర్సింహ వైపు తిరిగింది. సున్నం అంటిన అతని చేతులు చూసింది, పైపు అంచు సున్నం చూసింది. గొంతు తగ్గించింది. "అంకుల్. చెప్పండి."

అందరూ అతని వైపు చూశారు. ఇంజనీరు కూడా చూశాడు, నవ్వుముఖంతో, మర్యాదగా. నేనే మూసిన సారూ, అంటే చాలు. మూడు మాటలు. ఇంజనీరు సంచులు తీయిస్తాడు, చూస్తాడు, రాసుకుంటాడు, పైపు పోతుంది. కానీ ఆ మాట అన్నాక ఆ నవ్వుముఖం ఏమవుతుందో బాలనర్సింహకు కనబడింది. చూపించడానికి పిలిచి దాచిపెట్టినవాడా నువ్వు, అంటుంది. ఆ చెయ్యి శాలువా మీదికి వస్తుంది. ఊరంతా చూస్తోంది. అతని చెవుల మీదుగా తడి కారుతున్నట్టు అనిపించింది.

"ఏమో సారూ," అన్నాడు.

ఇంజనీరు తల ఊపి రాసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు సత్యనారాయణమూర్తి సెల్‌ఫోన్ మోగింది. ఆయనకు చెవి కాస్త మందం కాబట్టి ఫోను ఎప్పుడూ గట్టిగా మాట్లాడుతుంది. ఆయన భార్య అన్నపూర్ణమ్మ గొంతు కుంట అవతలి గట్టు దాకా వినబడింది.

"ఏమండీ! బాత్రూములోంచి పైకి వస్తోందండీ! ఆపుదామంటే ఆగడం లేదండీ! మనది కాదండీ, అందరిదీ!"

కొంగ ఎగిరిపోయింది. ఇంజనీరు అది కూడా రాసుకున్నాడు. సత్యనారాయణమూర్తి ఇంట్లో టిఫిన్ ఏర్పాటయింది గానీ, ఇంజనీరు వద్దన్నాడు. సీలు వేసిన నీళ్ళ బాటిల్ ఒకటి తీసుకుని జీపెక్కాడు.

కాలనీ ఇళ్ళ వైపు పరుగెత్తింది. కుంట మీద బాలనర్సింహ ఒక్కడే మిగిలాడు. గడ్డపార తెచ్చి పైపు ముందు నిలబడి పొడిచాడు. మొదటి సంచి కదిలింది. రెండోది కదిలే పని లేకుండా మొత్తం ఒకేసారి వచ్చేసింది. మూడు వందల ఇళ్ళు ఒక పూటంతా దాచుకున్నది అతని ఛాతీ మీద పడింది. శాలువా మీద పడింది. కింద పడి లేచేసరికి బొంత కుంట నడుమకు పోతోంది. నడుము లోతు దాకా దిగాడు. చెయ్యి చాపితే ఎర్ర అంచు వేలికి తగిలింది, జారింది. ఆ తర్వాత మునిగింది.

వెనక్కి తిరిగితే కట్ట మీద మొగిలయ్య ఉన్నాడు.

"గది అక్క బొంత గాదే?"

బాలనర్సింహ నీళ్ళలోంచి గట్టెక్కాడు.

"నిన్నే అడుగుతున్న బావా. గది అక్క బొంతనేనా?"

నిలబడి నిలబడి మొగిలయ్య ఆటో దగ్గరికి పోయాడు. అద్దానికి వేలాడుతున్న బంతిపూల దండ తెంపి కట్ట మీద పడేసి, ఆటో తిప్పుకుని పోయాడు. ఎనిమిది నెలలు ఆ ఇంట్లో తిండి ముట్టలేదు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. హరిత తెచ్చి, అరుగు కింద నిలబడే చదివింది.

"సదరు తుంగకుంట మిక్కిలి పరిశుభ్రముగా నిర్వహింపబడుచున్నందున పునరుద్ధరణ నిధుల ఆవశ్యకత లేదు. ఎనిమిదవ గడిలో చూపిన పైపు నిరుపయోగముగా నున్నది. మణిద్వీప కాలనీ గృహములందు మురుగు పైకి వచ్చుట సదరు కాలనీ అంతర్గత సమస్య. దానికిని చెరువునకును సంబంధము లేదు. చెరువును కాపాడుచున్న వృద్ధునికి అభినందనలు."

మడిచి అరుగు మీద పెట్టింది. "ఆ పైపు ఇప్పుడు కాగితాల్లో లేదు అంకుల్. లేని పైపును ఇంకెవరు మూస్తారు?"

"సదివినవు గద. పో."

పైపు పారింది. పదకొండులో పారింది, పన్నెండులో పారింది, పదమూడులో పారింది. గుర్రపుడెక్క తిరిగి వచ్చింది. తూము మీద జాజు పట్టీలు ఒక వానాకాలం ఉన్నాయి, పోయాయి. పద్నాలుగులో రాష్ట్రం వచ్చింది. ఊరంతా రంగులు చల్లుకుంది. పైపు దాన్నీ పట్టించుకోలేదు. ఆ ఏడు బతుకమ్మ సర్కారు పండుగయింది. కుంటలో దిగే దిక్కు లేక, కట్ట మీద ప్లాస్టిక్ తొట్టి పెట్టి ట్యాంకరు నీళ్ళు పోసి, బతుకమ్మలను అందులో విడిచారు. బాలనర్సింహ ఆ సాయంత్రం తలుపులు వేసుకుని కూర్చున్నాడు.

పండుగ పోయిన వారానికి హరిత మళ్ళీ వచ్చింది. ఇప్పుడు సంఘం అధ్యక్షురాలు ఆమే. వెనక చేతికర్రతో సత్యనారాయణమూర్తి. అరుగు మీద మొగిలయ్య ఉన్నాడు. తిరిగి వచ్చాడు గానీ, ఇదివరకులా నవ్వడు.

"కొత్త పథకం అంకుల్. అదే దరఖాస్తు. ఎనిమిదో గడి ఈసారి మేమే నింపాం."

"నేనే ఒప్పుకుంటానండి," అన్నాడు సత్యనారాయణమూర్తి. "పైపు మాదే. ఆ రోజు పాతది అని అబద్ధమాడింది నేనే. అదీ రాసి ఇస్తున్నాను. ఈ వయసులో నన్నేం చేస్తారు?"

"కానీ పాత రిపోర్టు అడ్డం వస్తోంది," అంది హరిత. "పైపు పని చేయట్లేదని అందులో ఉంది. అది కొట్టేయాలంటే ఆ పొద్దున పైపు ఎలా ఆగిందో ఆపినవాళ్ళు చెప్పాలట. నాలుగు ముక్కలు అంకుల్. మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. కింద సంతకం చేయండి."

"సంతకం చేస్త. ముచ్చట జెప్ప."

"ముచ్చట లేకపోతే ఆ సంతకం ఎందుకూ పనికి రాదు."

"అయితె తీస్కపో."

మొగిలయ్య అరుగు మీద నుంచి లేచాడు. "చెప్పు బావా. నేనైతె గా దినం నుంచి మల్ల ఎన్నడన్న అడిగిన్నా? ఇయ్యాల అడుగుతున్న. అక్క కోసం చెప్పు. గా పైపు పోవాల్నని గద నువ్వు బతుకుతున్నది?"

బాలనర్సింహ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. హరిత పెన్ను మూత తీసి పట్టుకుని ఉంది. అతను లోపలికి పోయి, గడప దాటి, తలుపు రెక్క మీద చెయ్యి వేసి ఇటు తిరిగాడు.

"సక్కుబాయిని సంపింది గా పైపు. గది ఎప్పుడడిగినా చెప్త, ఎవలడిగినా చెప్త. గా బేస్తారం ముచ్చట మాత్రం నన్నడగొద్దు. ఇయ్యాల అడగొద్దు, రేపు అడగొద్దు. పాడె మీద పండవెట్టినంక చెవుల వంగి గూడ అడగొద్దు."

తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడింది.